సమానంగా పంచిన పొట్లం

తూకం అక్క త్రాసు కొక్కేనికి ఉయ్యాల గుడ్డ తగిలించి, ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఊపిరి బిగబట్టింది. వరద శిబిరం పెట్టిన బడి వరండాలో తల్లులు పిల్లలతో వరుస కట్టారు. వరదకు ముందు ఆమెది కూరగాయల బండి. అరకిలో అడిగినవాళ్లకు రెండు కాయలు ఎక్కువే పడేవి. బండి నీళ్లలో కొట్టుకుపోయాక, త్రాసు తెలిసిన మనిషి కదా అని శిబిరంవాళ్లు ఈ పనిలో పెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం మొగ్గు చూపడానికి వీల్లేదు. అదే ఆమె ప్రాణానికి కష్టం.

ఇవాళ ఆమె కళ్లు రెండేళ్ల బుజ్జి కోసమే వెతుకుతున్నాయి. నెల రోజులు వేరుశనగ ముద్ద పొట్లాలు ఇచ్చినా ఆ పిల్ల ఒళ్లు చేయలేదు. రెండు వారాల గడువులో బరువు పెరగకపోతే పడవలో పెద్దాసుపత్రికి పంపాల్సిందేనని డాక్టరమ్మ తేల్చేసింది. ఆ గడువు ఇవాళ్టితో సరి. తల్లి తోడు వెళితే ఇద్దరు అన్నలకూ దిక్కులేదు.

గడువు పెట్టిన రోజే తూకం అక్క వాళ్ల గదికి వెళ్లింది. తల్లి పొట్లాన్ని గిన్నెలోకి పిండి, నీళ్లు కలిపి, మూడు గ్లాసుల్లో సమానంగా పోస్తోంది.

"ముగ్గురూ నా పిల్లలే కదక్కా. ఒకదానికి పెట్టి మిగతా ఇద్దరి ఆకలి చూస్తూ కూర్చోమంటావా?"

తూకం అక్కకు తన చిన్నతనం గుర్తొచ్చింది. కరువులో వాళ్లమ్మ కూడా గంజిని ఇలాగే ఐదు వాటాలు వేసేది. ఎవరికీ అన్యాయం చేయలేదు. అందరికంటే చిన్నవాడే పోయాడు.

"నీది తప్పని ఎవరంటారమ్మా? కానీ పొట్లం దానికి మందు. మందు పంచుకోరు కదా. మగపిల్లల్ని మధ్యాహ్నం నా దగ్గరికి పంపు."

వాళ్లిద్దరూ రోజూ ఆమె క్యారేజీలోంచే తిన్నారు. "సన్నబడుతున్నావే!" అని బడి ఆయా ఆటపట్టిస్తే, "నన్నెవరూ తూచరులే" అంది.

ఇప్పుడు బుజ్జి వంతు వచ్చింది. ముల్లు ఊగి ఊగి నిలిచింది. ఆరువందల గ్రాములు ఎక్కువ! నమ్మలేక మళ్లీ తూచింది. అప్పుడూ అంతే.

తల్లి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. "నీ మేలు మరిచిపోనక్కా."

"ఊరుకో. నువ్వు నా మాట విన్నావు, అదే పదివేలు. మా అమ్మకు చెప్పేవాళ్లే లేకపోయారు."

ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆ తల్లి త్రాసుకే పెట్టింది.

సాయంత్రం, వరద నీళ్లు తీసిన ఊళ్లవాళ్లను ఇళ్లకు చేర్చడానికి లారీ వచ్చింది. తూకం అక్క నెలకు సరిపడా పొట్లాలు సంచిలో పెట్టించి, ఆ నలుగురినీ ఎక్కించింది. లారీ మలుపు తిరిగాక వాళ్ల గది ఊడవడానికి వెళ్లింది.

కిటికీ గట్టు మీద ఎర్రటి చిన్న గాజు ఉంది. బుజ్జి చేతికి బిగుతైపోతే సబ్బు రాసి తీసినట్టున్నారు, నురగ ఇంకా ఆరలేదు.