పగటి వెలుతురు పని

ముత్యాల రంగు పగటి వెలుతురులోనే తెలుస్తుంది. ట్యూబులైటు కింద అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. చార్మినార్ దగ్గరి సందులో అమరనాథ్ సేటు దుకాణంలో హారాలు కూర్చే వేణుగోపాల్‌కు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రంగులు వేరుచేసే పని ఏదైనా పొద్దున్నే, గుమ్మం పక్కన తెల్లగుడ్డ పరుచుకుని చేసేవాడు.

యాకుత్‌పురా ఆండాలమ్మ తెచ్చిన సంచిని మాత్రం ఆ గుడ్డ మీద ఒక్క పొద్దు కూడా విప్పలేదు. చనిపోయిన ఆమె కూతురి సత్‌లడా అది, ఏడు పేటల ముత్యాల హారం. దారాలు తెగి ముత్యాలన్నీ కలిసిపోయాయి. మనవరాలు కీర్తిప్రియ నిశ్చితార్థానికి అమ్మ హారమే వేసుకుంటానని పట్టుబట్టిందట. కొన్ని ముత్యాలు పాలతెలుపు, కొన్ని పసుపు ఛాయ. ఛాయ చూసి, సైజు చూసి పేటపేటకూ సరిపెట్టాలి. ఒకచోట తప్పితే మొత్తం విప్పాలి. పైగా చనిపోయిన మనిషి గుర్తు. సంచి చూస్తేనే అతనికి చేతులు ఆడేవి కావు. ముందు ఈ కమ్మలు కానీ అనుకునేవాడు. కమ్మలయ్యాక ఒంటిపేట గొలుసులు. అవీ అయ్యాక సూదులు సర్దుకునేవాడు. అంతలో ఎండ గుమ్మం దాటిపోయేది. ఇక రేపు చూద్దాం అనుకోగానే మనసు తేలికయ్యేది. ఆ తేలికకు తనకే సిగ్గేసేది.

"మన దుకాణంల ముత్యాలకన్నా నీతాన రేపులే మస్తున్నయ్ భాయ్," అన్నాడు సేటు ఒకనాడు. ఆండాలమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అయితున్నదని చెప్పాడు వేణుగోపాల్.

నిశ్చితార్థం దగ్గరపడ్డాక ముసురు పట్టింది. పగలే చీకటి. ఇక తప్పక ట్యూబులైటు కింద కూర్చుని హారం కూర్చాడు. ముడులు నున్నగా పడ్డాయి. చూడటానికి బాగానే ఉంది. బాగానే ఉందని నమ్మడం అప్పటికి సుఖంగా కూడా ఉంది.

నిశ్చితార్థం రోజు పొద్దున వాన వెలిసింది. అమ్మమ్మా మనవరాలూ వచ్చారు. కీర్తిప్రియ హారం వేసుకుని, ఫొటో తీసుకుందామని గుమ్మం బయటికి నడిచింది. ఎండ పడగానే తెల్లటి పేటల మధ్య పసుపు ముత్యాలు గార పట్టిన పళ్లలా బయటపడ్డాయి. వేణుగోపాల్ తల దించుకున్నాడు.

"అమ్మమ్మా, అమ్మ మెడల గిట్లనే ఉండెనా?"

పెళ్లినాడు ఆ హారం కొక్కెం కూతురికి తన చేత్తో పెట్టిన మనిషి ఆండాలమ్మ. హారాన్ని చూసింది. పిల్ల ముఖం చూసింది.

"గిట్లనే ఉండె బిడ్డా."

పిల్ల ముఖం విచ్చుకుంది. ఆటో పిలుస్తానని ముందుకు వెళ్లింది. అప్పుడు వేణుగోపాల్ నోరు విప్పాడు. సంచిని ముసురు పట్టేదాకా ముట్టుకోలేదనీ, ఫోన్లో చెప్పినవన్నీ అబద్ధాలనీ సేటు వింటుండగానే చెప్పాడు.

ఆమె గొంతు పెంచలేదు. "చేతగానోనివైతే నాకు కోపం రాకపోవు. చేతనైనోనివి. ఇయ్యాల నాతోని అబద్ధం చెప్పిచ్చినవ్. అది గూడ పోయిన నా బిడ్డ పేరు మీద."

మళ్లీ కూరుస్తానని గొణిగాడు.

"రేపు తెస్త. ఈసారి ఈడనే కూసుంట."

మర్నాడు షట్టరు ఎత్తేసరికి ఆమె మెట్టు మీద ఉంది. స్టూలు వేస్తే, వెలుతురుకు అడ్డం రాకుండా పక్కకు జరుపుకుని కూర్చుంది. వేణుగోపాల్ కత్తెర తీసుకున్నాడు. దాన్ని దారం దాకా తెచ్చి ఆపాడు. అది గమనించి కాబోలు, ఆమె ముఖం వీధి వైపు తిప్పుకుని, పోయే వచ్చే బండ్లను చూడసాగింది.

అతను మొదటి పేట తెంచాడు. ముత్యాలు గుడ్డ మీదికి జారాయి. ఎండలో పసుపు వేరుగా, తెలుపు వేరుగా కనిపిస్తున్నాయి. ఇంత తేటగా కనిపించే పనికా ఇన్నాళ్లు భయపడ్డది అనుకుంటే చెవులు కాలాయి. ఒక పసుపు ముత్యాన్ని ఎడమవైపు పెట్టాడు. ఆ పక్కనే ఇంకొకటి.