ఎర్త్ వైరు శ్రుతి

అల్లుడు కట్టుడు పళ్ళు చేసేవాడు. మామగారు సంగీతం మాస్టారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోక ఏడాది దాటింది. కారణం ‘స’.

మాస్టారి పళ్ళన్నీ ఊడిపోయినప్పుడు అల్లుడు తన పనితనమంతా పెట్టి పలువరస చేసిచ్చాడు. నమలడానికి బ్రహ్మాండంగా ఉంది. మాట్లాడటానికీ ఫరవాలేదు. కానీ మాస్టారు పాటకు కూర్చుని ‘స’ అనగానే ముందుపళ్ళ సందులోంచి సన్నగా ఈల వచ్చింది. అల్లుడు అరగదీశాడు, నున్నగా రుద్దాడు, మైనం పూసి చూశాడు. ఈల కూడా నున్నగా తయారైందే తప్ప పోలేదు. సప్తస్వరాల్లో మొదటిదే ఈలయితే మిగతా ఆరింటిని పెట్టుకుని మనిషి ఏం చేసుకుంటాడు? మాస్టారు శ్రుతిపెట్టెకు గుడ్డ చుట్టి అటకెక్కించారు. అల్లుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అల్లుడికి మింగుడుపడనిది అదే.

పాడలేని మనిషికి కనీసం వినే సుఖమైనా ఇద్దామనుకున్నాడతను. ఇంట్లో ఓ పాత కారు ఉంది. కంపెనీవాళ్ళు బిగించిన స్పీకర్లలో పాట పెడితే పక్కింట్లో ఎవరో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుండేది. స్పీకర్లు మార్చకుండా, వాటికే బయట కొన్న యాంప్లిఫయర్ ఒకటి తగిలిస్తే గొంతు లేస్తుందని విని, ఆ డబ్బా కొనుక్కొచ్చాడు.

“షాపువాళ్ళ చేత పెట్టించొచ్చు కదండీ?” అంది భార్య. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. తనకు రాని పని జోలికి పోదు.

“పళ్ళ సందుల్లో వెంట్రుకంత తీగలు కూర్చేవాణ్ణి. ఇంత లావు వైర్లు నాకో లెక్కా?”

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. తలుపు లోపలి అట్ట ఊడదీస్తుంటే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి విరిగి ఎగిరి ఎక్కడికో పోయింది. అట్ట వెనక, కాగితం గిన్నెలాంటి స్పీకరూ దానికి రెండు సన్న వైర్లూ ఉన్నాయి. స్టీరియో వెనక ఆ వైర్లను కత్తిరించి, స్టీరియో పాటను యాంప్లిఫయర్‌లోకి పంపి, అందులోంచి బలపడి వచ్చిన పాటను మళ్ళీ ఆ స్పీకర్లకే కలిపాడు. బ్యాటరీ నుంచి ఎర్ర వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టాడు. డబ్బాను ముందు సీటు కిందికి తోశాడు. ఇక మిగిలింది నల్లటి ఎర్త్ వైరు. దాన్ని రంగు గీకేసిన ఇనుముకు బిగించాలని డబ్బాతో వచ్చిన కాగితంలో ఉంది. పాతదైనా సొంత కారాయె, గీకడానికి చేతులు రాలేదు. సీటు బోల్టు కింద, రంగు మీదే బిగించేశాడు.

మీట నొక్కగానే పాట గంభీరంగా వచ్చింది. అతని ఛాతీ ఉబ్బింది. ఇంజిన్ స్టార్ట్ చేశాడు. పాటతో పాటు స్పీకర్లలోంచి ‘కుయ్‌య్’మని ఒక కూత మొదలైంది. పాట ఆపాడు. కూత ఆగలేదు. యాక్సిలరేటర్ తొక్కితే పైకి పోయింది, వదిలితే కిందికి దిగింది.

“కారులో కీచురాయిని పెంచుతున్నారా?” అంది భార్య.

అతను విసుగ్గా తాళం తిప్పబోతుంటే కిటికీలోంచి మాస్టారి గొంతు వినిపించింది. “ఆపకండి.”

ఆయన పంచె పైకెత్తి పట్టుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. “ఇంకాస్త తొక్కండి అల్లుడుగారూ. మరీ అంత కాదు. ఆ, అక్కడే ఉంచండి.” గొంతు సవరించుకుని ‘స’ అన్నారు.

ఈల వచ్చే ఉంటుంది. కానీ అది కారు కూతలో, నీళ్ళలో ఉప్పులా కలిసిపోయింది. వినిపించింది మాస్టారి గొంతొక్కటే. భోజనానికి పిలిచేదాకా ఆయన కారు దిగలేదు.

మర్నాటి నుంచి సాధన కారులోనే. అయితే అల్లుడి కాలు నిలకడగా ఉండేది కాదు. మామగారు గమకం తీసినప్పుడల్లా అతని మడమ కూడా ఊగేది. శ్రుతి చెదిరేది.

“లేవండి, మీ వల్ల కాదు,” అని భార్య స్టీరింగ్ ముందు కూర్చుంది. చిన్నప్పుడు ఆమెకు శ్రుతి నిలవదని మాస్టారు పాఠం మధ్యలోనే లేపి పంపించేశారు. ఇప్పుడు ఆమె కాలు పెడల్ మీద పెట్టింది. కూత లేచి, ఒక చోట నిలబడి, గీత గీసినట్టు అలాగే ఉండిపోయింది.

మాస్టారు కళ్ళు తెరిచి కూతురి వైపు చూశారు. “నేను నీ గొంతు చూశాను కానీ కాలు చూడలేదమ్మా,” అన్నారు.

“మీరు ఎవరి కాలు చూశారు గనక, నాన్నా,” అంది ఆమె, కాలు కదపకుండా.

ఈ మధ్యలో అల్లుడికి ఎవరో చెప్పారు, రంగు గీకి ఎర్త్ సరిగా బిగిస్తే కూత పోతుందని. పనిలో లోపం కళ్ళ ముందుంటే అతనికి నిద్రపట్టదు. గరుకు కాగితం పట్టుకుని సీటు కిందికి దూరాడు. మాస్టారు చూశారు.

“ఆ బోల్టు మీద చెయ్యి వేశారంటే, ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, మీరైనా ఉండాలి,” అన్నారు నెమ్మదిగా.

సంగీత సభ కార్యదర్శి కచేరీకి పిలవడానికి వచ్చాడు. “శ్రుతికి ఎవరుంటారండీ?”

“కారు.”

“కరపత్రంలో ఏమని వేయమంటారు?”

“కారు అనే వేయండి. పక్కన మా అమ్మాయి పేరు.”

కార్యదర్శి తలూపి రాసుకున్నాడు. కచేరీ రోజున గోడల్లేని రేకుల షెడ్డు కింద కారును వేదిక పక్కనే నిలిపి, పొగగొట్టం ఖాళీ స్థలం వైపుకు తిప్పారు. తలుపులు తెరిచి, కారులోని స్పీకర్ల ముందు ఒక మైకు, మాస్టారి ముందు ఒక మైకు పెట్టారు. జనం ముందు కారును చూశారు, తర్వాత మాస్టారిని చూశారు, పాట మొదలయ్యాక దేన్నీ చూడలేదు.

పాట మంచి పాకాన పడ్డ సమయంలో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు ముల్లు చూసుకోమని రోజూ పదిమందికి చెప్పే మనిషి తలవంచుకుంది. మాస్టారు పల్లవి మధ్యలో నోరు మూసుకున్నారు.

“శ్రుతి అయిపోయింది,” అన్నారు మైకులో. “కాస్త పోస్తే మళ్ళీ వస్తుంది.”

ఒక్కరూ లేవలేదు, నవ్వలేదు. ముందు వరసలోని పెద్దాయన తన స్కూటర్ తాళం తీసిచ్చాడు. కార్యదర్శి ఎక్కడినుంచో గొట్టం సంపాదించాడు. అల్లుడు నోటితో పెట్రోలు లాగి, ఉమ్మి, కారులోకి పట్టించాడు. ఇంజిన్ మళ్ళీ స్టార్టయింది. కూత లేచింది. ఇంకొంచెం అని చెప్పడానికి మాస్టారు చెయ్యి ఎత్తేలోపే అది తన చోటికి వచ్చి ఆగింది. ఆయన చెయ్యి దించేసి, వదిలిన అక్షరం దగ్గరే అందుకున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కూతురే నడిపింది. అల్లుడు నోట్లో పెట్రోలు వాసనతో వెనక కూర్చున్నాడు.

“మామయ్యగారూ, ఈసారి ఈల రాకుండా కొత్త పలువరస చేస్తాను,” అన్నాడు.

“వద్దు బాబూ. ఈ పళ్ళకీ ఆ బోల్టుకీ కుదిరింది. మధ్యలో మనం దూరకూడదు.” ‘గారు’ పోయి ‘బాబు’ రావడం అల్లుడు గమనించాడు కానీ, బయటపడలేదు.

మాస్టారికి ఇంకా పాడాలనే ఉంది, సన్నగా అందుకున్నారు. రోడ్డు ఎత్తు ఎక్కుతోంది. కూత పైపైకి పోతోంది. ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి, పట్టు వదల్లేదు, చివరికి ఊపిరందక కూతురి భుజం తట్టారు.

“అంత పైస్థాయి నా వల్ల కాదు తల్లీ. గేరు మార్చు.”