జనగామ బండి, మానుకోట బండి

భూపాలపల్లికి రైలు లేదు. బొగ్గు లారీలున్నాయి, బస్సులున్నాయి; రైలెక్కాలంటే మాత్రం వరంగల్ దాకా పోవాల్సిందే. అందుకే అక్కడి బడిలో సైన్సు చెప్పే సోమనర్సయ్య సారు ఈసారి ప్రదర్శనలో బొమ్మ రైళ్లు నడిపించాలని పట్టుబట్టాడు. వెతికి వెతికి జనగామలో మోటారు వైండింగు షాపు నడిపే శోభారాణికి ఫోను చేశాడు.

శోభారాణి తండ్రి రైల్వే గేటు దగ్గర పనిచేసేవాడు. ఆ గేటు గదిలోనే ఆడుకుంటూ పెరిగిన ఆమె, నలభై ఐదేళ్ల వయసులో జనగామ స్టేషన్‌ను రెండు మంచాలంత బల్ల మీద బొమ్మగా కట్టుకుంది. ఆమె ఇంజనుకు కరెంటు పట్టాల నుంచే అందుతుంది. నడువు, ఆగు, కూత వెయ్యి అనే ఆజ్ఞలు కూడా ఆమె ముందున్న డబ్బాలోంచి ఆ పట్టాల గుండానే పోతాయి. ఆ పద్ధతిని మించింది లేదని ఆమె నమ్మకం.

సారు మహబూబాబాద్ నుంచి వెంకట్‌ను కూడా పిలిచాడన్న సంగతి బడి హాల్లో అడుగుపెట్టాకే ఆమెకు తెలిసింది. వెంకట్ బయ్యారం దగ్గరి తండాలో పుట్టినవాడు. మహబూబాబాద్‌లో, అంటే ఊరివాళ్ల నోట మానుకోటలో, టీవీలు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుంటాయి. అతను తెచ్చిన బల్ల మీద మానుకోట స్టేషన్ ఉంది. అతని ఇంజను కడుపులో బ్యాటరీ, చేతిలో రిమోట్. పట్టాలు ఉత్త దారి మాత్రమే.

"గిన్ని వైర్లెందుకక్కా?" అన్నాడు ఆమె బల్ల కిందికి వంగి చూసి.

నవ్వుతూనే అన్నాడు గానీ శోభారాణికి చురుక్కుమంది. రిమోటుతో నడిచేవి జాతరలో అమ్మే ఆటబొమ్మలని ఆమె అభిప్రాయం. ఆ మాట పైకి అనలేదు. ముఖం దాచలేదు కూడా.

పదింటికి సారు రెండు బండ్లనూ ఒకసారి కలిపి నడిపి చూడమన్నాడు. బల్లలు పక్కపక్కనే ఉన్నాయి. జనగామ బండి కూత వేసి కదిలింది. మానుకోట బండి కాస్త దూరం పోయి గక్కున ఆగింది. ఇటు నుంచి ఎవరూ చెప్పకుండానే వెనక్కి నడిచింది. తర్వాత ఫ్లాట్‌ఫారం ముందు వణుకుతూ నిలబడిపోయింది. వెంకట్ బ్యాటరీ మార్చాడు. రిమోట్ విప్పి మళ్లీ బిగించాడు. లాభం లేదు. శోభారాణి తన డబ్బా ఆపగానే అతని బండి బుద్ధిగా నడిచింది. మళ్లీ పెట్టగానే మొరాయించింది.

నీ డబ్బా నుంచే ఏదో వస్తున్నదని అతనన్నాడు. నీ బండే కచ్చాదని ఆమె అంది. ఇద్దరి గొంతులూ పెరుగుతుంటే సోమనర్సయ్య సారు మధ్యలోకి వచ్చి తేల్చేశాడు. పదకొండింటికి జనాన్ని లోపలికి వదలాలి. అప్పటిదాకా బాగుపడకపోతే జనగామ బండి ఒక్కటే నడుస్తుంది, మానుకోట బండి ఊరికే చూపించడానికి ఉంటుంది.

వెంకట్ తలుపు వైపు చూశాడు. అక్కడ బెంచీ మీద అతని తల్లి జమ్లీ ఒళ్లో టిఫిన్ గిన్నె పెట్టుకుని కూర్చుంది. కొడుకు చేసిన రైలు చూద్దామని పొద్దున్నే తండా నుంచి బస్సులో వచ్చింది. గెలిచాననుకోవాల్సిన శోభారాణికి ఆ ముసలమ్మను చూశాక మనసు కుదురుగా లేదు.

వైండింగు షాపులో ఆమెకు రోజూ అనుభవమే. మోటారులో నిప్పురవ్వలు రేగితే పక్కనున్న రేడియో గరగరలాడుతుంది. గేటు దగ్గర కాపలా ఉండే కట్టయ్య చెవి దగ్గర చిన్న రేడియో పెట్టుకుని ఉండటం వచ్చేటప్పుడే చూసింది. పోయి అడిగి తెచ్చింది. ఏ స్టేషనూ పలకని చోటికి ముల్లు తిప్పి, తన డబ్బా ఆన్ చేసింది.

వెంకట్ బల్ల దగ్గర సన్నటి గరగర వినిపించింది. తన పట్టాల మీద పెడితే అది పెరిగింది. బల్ల కిందికి తీసుకుపోయేసరికి రేడియో బియ్యం మర మాదిరి అరిచింది.

బల్ల కట్టేటప్పుడు, చూడటానికి నీటుగా ఉంటుందని ఆమె డబ్బా నుంచి పట్టాలకు పోయే ఒక వైరును బల్ల ఎడమ అంచున, రెండోదాన్ని కుడి అంచున పరిచింది. ఆ రెండింటి మధ్య బల్లంతా ఒక పెద్ద చుట్టయి, తానే ఒక రేడియో స్టేషనై కూర్చుంది.

హాల్లో ఆమె వైపు ఎవరూ చూడటం లేదు. రేడియో ఆపేసి లేచి నిలబడితే ఎవరికీ తెలియదు. అయినా వెంకట్‌ను పిలిచింది.

"తమ్మీ, నీ బండి మంచిదే. నా వైర్లే నీ రిమోట్‌ను మాట్లాడనిస్తలేవు."

అతను వంగి, రేడియో చెవికి ఆనించుకుని విన్నాడు. మెడ నిమురుకున్నాడు.

"నాది గూడ తప్పున్నదక్కా. రిమోట్ మాట అందుకునే రిసీవర్ తోక వైరు బయటికి కనపడుతున్నదని సగం కత్తిరించిన. గది పొడుగుంటే జర తట్టుకునేది."

శోభారాణి నవ్వింది. పొద్దున్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఆమె పాత వైర్లు పీకేసి, కొత్తవి రెండు జత చేసి, కొసలు చేతి డ్రిల్లు మూతికి బిగించి తిప్పింది. అవతలి కొసలు పట్టుకోవడానికి జమ్లీని రమ్మన్నారు. వైరు జడలా మెలిపడుతుంటే ఆమె బలంగా పట్టుకుని నిలబడింది. అట్లా మెలిపెడితే ఒకదాని రొదను ఇంకొకటి మింగేస్తుంది. వెంకట్ తోక వైరును మళ్లీ పొడుగు చేసి బండి పెట్టెల కప్పుల లోపలి నుంచి చివరి పెట్టె దాకా పరిచాడు.

నడిపి చూశారు. మానుకోట బండి సాగింది గానీ, జనగామ ఇంజను తన బల్ల మీది వంతెన దాటేటప్పుడల్లా ఇది ఒక్క కుదుపుతో ఊగింది. రేడియో పట్టుకుని వంతెన దగ్గర వెతికితే అక్కడ పట్టాల అతుకు వదులుగా దొరికింది. ఇంజను దాటినప్పుడల్లా అక్కడ చిన్న రవ్వ లేస్తోంది. వెంకట్ తన సోల్డరింగు కడ్డీతోనే దాన్ని అతికించాడు. ఆ తర్వాత రేడియో నోరు మూసుకుంది.

తలుపులు తెరిచారు. చిట్యాల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు, బొగ్గుగని కాలనీ వాళ్లు, యూనిఫాం పిల్లలు హాలంతా నిండారు. రెండు బండ్లూ పక్కపక్కన కూత వేసుకుంటూ తిరిగాయి. ఒక్కసారి కూడా ఆగలేదు. జమ్లీ దాటిపోతున్న ఇంజను అద్దాల కిటికీలోకి తొంగిచూసి కొడుకును వాళ్ల భాషలో ఏదో అడిగింది.

"లోపల డ్రైవర్ లేడేంది అంటున్నది," అని వెంకట్ శోభారాణికి చెప్పాడు. వచ్చేసారికి తప్పకుండా కూర్చోబెడదామని ఆమె జమ్లీకి మాటిచ్చింది.

మధ్యాహ్నం పూజ అనే ఆరో తరగతి పిల్ల రెండు బల్లల చుట్టూ తిరిగి వచ్చి, జనగామ ఉంది, మానుకోట ఉంది, మా భూపాలపల్లి స్టేషన్ ఏదని నిలదీసింది. సోమనర్సయ్య సారు ఇబ్బందిగా పెద్దవాళ్లిద్దరి వైపూ చూశాడు.

జనం తిండికి పోయాక శోభారాణి, వెంకట్ హాల్లో నేల మీద సుద్దముక్కతో లేని ఆ భూపాలపల్లి స్టేషన్‌ను గీయడం మొదలుపెట్టారు. స్టేషన్ ఎక్కడుండాలి, బొగ్గు బండ్లకు వేరే లైను ఎటు నుంచి తీయాలి అన్నదాని మీద ఇట్టే కుదిరింది. కరెంటు పట్టాల్లో ఉండాలా, బ్యాటరీలో ఉండాలా అన్న దగ్గర మాత్రం మళ్లీ మొదటికొచ్చారు. జమ్లీ గిన్నె తెరిచి జొన్నరొట్టె, కారం ఇద్దరి ముందూ పెట్టింది. ఒక చేత్తో రొట్టె తింటూ, ఇంకో చేత్తో ఎదుటివాళ్ల గీత చెరుపుతూ వాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.