కైండాఫ్ శంకరం

ఇడ్లీ ముక్క చట్నీలో అద్ది నోట్లో పెట్టుకున్న మొగుడు, అది బాగుందో లేదో చెప్పకపోతే ఆడది ఏం చేయాలి? భీమశంకరం చెప్పడని కాదు. చెబుతాడు. "ప్రెటీ గుడ్, కైండాఫ్" అంటాడు. విజయశ్రీ ఫిర్యాదల్లా అదొక్కటే. ఆయన తాగడు, పేకాడడు, పరాయి ఆడదాని వంక చూడడు. చూసినా "సార్టాఫ్ బాగుంది" అని వచ్చేస్తాడు తప్ప అంతకుమించి ముందుకు పోయే మనిషి కాదు. ఇలాంటి మొగుడి మీద ఎవరికని చెప్పుకోవాలి, ఏమని చెప్పుకోవాలి?

ఆ గురువారం ఉదయం, అమెరికాలో కాపెల్ అనే ఊళ్లోని ఇంట్లో, వంటగది బల్ల దగ్గర, భీమశంకరం రెండో ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి ఒక్కటీ తినకుండా కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. సన్నటి మెడ, దాని చుట్టూ ఒక సైజు పెద్దదైన కాలరు. కళ్లజోడు తీసినా ముక్కుకి రెండువైపులా దాని గుర్తులు పోవు. గోళ్లు చర్మందాకా కత్తిరించుకుంటాడు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కుడిచేతి బొటనవేలితో చూపుడువేలిని రాస్తూ ఉంటాడు, విభూతి పొడి చేస్తున్నట్టు. ఇప్పుడు ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడకుండానే రాస్తున్నాడు.

ఆయన పుట్టుకతో ఇలాంటివాడు కాదు. రాజమండ్రిలో పెళ్లిచూపులనాడు విజయశ్రీ పాట పాడితే, పెద్దవాళ్లంతా బ్రహ్మాండం అన్నారు. ఆయన మాత్రం "పల్లవిలో శ్రుతి తప్పిందండి" అన్నాడు. పక్కన కూర్చున్న తల్లి తొడ గిల్లింది. విజయశ్రీకి చెవులు ఎర్రబడ్డాయి. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించి, ఈ మనిషి నాతో అబద్ధం ఆడడు అనుకుని, ఒప్పుకుంది. ఎమ్మే ఇంగ్లీషు చదివిన పిల్ల. పొగిడేవాళ్లు కాలేజీలో చాలామందే దొరికారు.

అమెరికా వచ్చిన కొత్తలో భీమశంకరం తోటివాడి పని చూసి "ఇది తప్పు" అని రాశాడు. అది తప్పే. మేనేజరు పక్కకి పిలిచి, నువ్వు చెప్పేది నిజమేగానీ చెప్పే తీరుకి మనుషులు నొచ్చుకుంటున్నారు, కాస్త మెత్తగా చెప్పమన్నాడు. అదే ఊపిరితో నీ వీసా రెన్యువల్ వచ్చేనెల కదా అని కూడా గుర్తుచేశాడు. మంచిమనిషే, మామూలుగానే అన్నాడు. కానీ ఒక్క ఊపిరిలో వచ్చిన ఆ రెండు మాటల్నీ భీమశంకరం ఆ తర్వాత ఎప్పటికీ విడదీయలేకపోయాడు.

అప్పటినుంచి చుట్టూ ఉన్నవాళ్లు ఎలా మాట్లాడుతున్నారో విన్నాడు. ఇక్కడ ఏదీ తప్పు కాదు, "ఎ లిటిల్ ఆఫ్", కాస్త తేడా, అంతే. ఎవరూ దేన్నీ అబద్ధం అనరు, "నాట్ ఎగ్జాక్ట్లీ" అంటారు. కారులో ఒక్కడే కూర్చుని సాధన చేశాడు. మొదట కూరలో ఇంగువలా చిటికెడు వేసేవాడు. తర్వాత డబ్బా మూత ఊడిపోయింది. పక్కింటాయన తండ్రి పోయినప్పుడు వాకిట్లో నిలబడి, చేతులు కట్టుకుని, "ఐయామ్ కైండాఫ్ సారీ ఫర్ యువర్ లాస్" అన్నాడు. పక్కింటాయన కాసేపు చూసి, థాంక్యూ అని తలుపు వేసుకున్నాడు. విజయశ్రీ ఆ ఇంటికి మూడు వారాలపాటు ఏదో ఒకటి వండి పంపుతూనే ఉంది.

ఆ మాటలు ఇంట్లోకీ వచ్చేశాయి, తెలుగులోకీ దిగాయి. విజయశ్రీ మొదట విసుక్కుంది. తర్వాత అలవాటుపడింది. ఆఖరికి లెక్క పట్టుకుంది. ఆయన "కొంచెం" అంటే చాలా. "కైండాఫ్" అంటే ఖాయంగా. "నాట్ టూ బ్యాడ్" అంటే పారెయ్యమని. పోయినేడాది పన్ను సార్టాఫ్ ఇబ్బంది పెడుతోందన్న రోజున, మారుమాట్లాడకుండా కారెక్కించి డెంటిస్టు దగ్గరికి తీసుకుపోయింది. దవడంతా చీము. డాక్టరు ఈ నొప్పితో ఇన్నాళ్లు ఎలా ఉన్నారని ఆశ్చర్యపోతే, విజయశ్రీ గర్వంగా నవ్వింది. మా ఆయన్ని ఎప్పటికప్పుడు అనువాదం చేసుకోవాలండీ అని స్నేహితులతో అనేది. ఆ ఇంట్లో ఆవిడ చేసే పనుల్లో ఎవరికీ కనిపించనిది అదొక్కటే.

మొన్న ఆదివారం ఆ పని మానేసింది.

ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచారు. మధ్యాహ్నమంతా నిలబడి పాలతాలికలు చేసింది. ఎవరో, శంకరంగారూ మీరు చెప్పండి ఎలా ఉన్నాయో అన్నారు. ఆయన చెంచా కింద పెట్టి, బొటనవేలు రాసుకుంటూ, "నాట్ బ్యాడ్. కైండాఫ్ తియ్యగానే ఉన్నాయి" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. కైండాఫ్ శంకరంగారు అని పేరు కూడా పెట్టేశారు. ఆయనా నవ్వాడు. విజయశ్రీ నవ్వలేదు. శ్రుతి తప్పిందని మొహంమీద చెప్పినవాడు ఎక్కడికి పోయాడు?

గిన్నెలు కడుగుతూ ఆ రాత్రే చెప్పేసింది. "ఇకనుంచి మీరు ఎంతంటే అంతే. మీ మాటలకి అర్థాలు వెతకడం నావల్ల కాదు."

అన్నట్టే చేసింది. సోమవారం ఆయన కొంచెం ఆకలేస్తోందన్నాడు. కంచంలో ఒక గరిటెడు అన్నం పెట్టింది. పదో తరగతి చదివే కూతురు అవని పకపకా నవ్వింది. ఆయన ఆ గరిటెడూ తిని, చెయ్యి కడుక్కుని, లేచిపోయాడు. ఇంకొంచెం పెట్టు అనే మాట ఆయన నోటికి రాలేదు. వస్తుందని విజయశ్రీ కంచం తీయకుండా చాలాసేపు చూసింది.

ఇప్పుడు, ఇడ్లీ ముందు కూర్చున్న భీమశంకరానికి, స్నానం చేసినప్పటినుంచీ గుండెల మధ్య ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టుంది. బిగించి, కాస్త వదిలి, మళ్లీ బిగిస్తోంది. ఆ లాగుడు ఎడమ దవడదాకా పాకుతోంది. చొక్కా లోపల చల్లటి చెమట.

"విజయా, కొంచెం అదోలా ఉంది" అన్నాడు.

స్టవ్ దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఇన్నేళ్ల అలవాటు చొప్పున, కొంచెం అంటే చాలా అని లోపల ఎవరో అనేశారు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

"కొంచెమేగా. జీలకర్ర నీళ్లు కాచి ఇవ్వనా?"

"అక్కర్లేదులే. ఐ గెస్ తగ్గుతుంది."

అవని భుజానికి బ్యాగ్ తగిలించుకుంటూ వచ్చి తండ్రి మొహంలోకి చూసింది. "నాన్నా, నీ ఫేస్ కైండా గ్రేగా ఉంది."

"లైటింగ్ అమ్మా" అన్నాడు.

ఆఫీసుకి రోజూ వెళ్లే దారే. ఇన్సూరెన్సు కంపెనీలకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసు. భీమశంకరం పని, ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం. తప్పులు పట్టి, అవి తప్పులని అనకుండా చెప్పడం. ఆ రోజు పొద్దున్న టీమంతా నిలబడి మాట్లాడుకునే మీటింగులో, ఈ వారం రిలీజ్ "మైట్ బి ఎ లిటిల్ రిస్కీ" అన్నాడు. అంటే మునిగిపోతుందని. ఎవరికీ అర్థం కాలేదు, లేదా అందరికీ అర్థమై ఊరుకున్నారు. పోయిన నెలే ఈ టీములో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దేశం వదలడానికి రెండు నెలలు. గ్రీన్‌కార్డు క్యూలో ఆయన వంతు ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు లేడు. అవని ఇంకా స్కూలు దాటలేదు. ఇలాంటి లెక్కల మధ్య బతికేవాడు ఏ వాక్యాన్నైనా సగం వెనక్కి లాక్కునే వదులుతాడు.

మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరిచి మూసేశాడు. హెల్త్ ఇన్సూరెన్సు కార్డు వెనక, ఫోన్‌లో సలహా చెప్పే నర్సు నంబరు ఉంటే దానికి చేశాడు. అవతల అమ్మాయి గొంతు దయగా ఉంది. నొప్పి ఒకటినుంచి పదిదాకా ఎంత ఉందో చెప్పమంది. ఎనిమిది అనుకున్నాడు. ఎనిమిది అంటే ఏమవుతుందో కూడా ఊహించాడు. అంబులెన్సు వస్తుంది, టీమంతా కిటికీల దగ్గర నిలబడి చూస్తారు. ఈ మనిషికి ఒంట్లో బాగాలేదు అనే మాట ఆఫీసంతా తిరుగుతుంది, వచ్చే లేఆఫ్ దాకా తిరుగుతూనే ఉంటుంది.

"మేబీ త్రీ. ఫోర్, ఐ గెస్."

ఎక్కడికైనా పాకుతోందా అని అడిగింది.

"నాట్ రియల్లీ" అన్నాడు, దవడ పట్టుకుని.

రేపు ఉదయానికి డాక్టరు అపాయింట్‌మెంట్ ఇచ్చింది. ఎక్కువైతే మాత్రం ఆగకుండా నైన్ వన్ వన్‌కి చేయమని చెప్పి, మంచి మధ్యాహ్నం కావాలని కోరింది. ఆయన మీకూ అన్నాడు.

తర్వాత బాత్రూములోకి వెళ్లి అద్దం ముందు నిలబడ్డాడు. అవని చెప్పింది నిజమే, అది లైటింగ్ కాదు. పెదవుల చుట్టూ రంగు లేదు. నీళ్లు చల్లుకుని, పక్కన ఎవరూ లేరని చూసుకుని, చెప్పవలసిన మాటని ఒకసారి నోట్లోనే అనుకున్నాడు. నొప్పిగా ఉంది విజయా, వచ్చి తీసుకెళ్లు. ఎంత చిన్న వాక్యం. ఇందులో తగ్గించాల్సింది ఏమీ లేదు. ఫోన్ తీశాడు.

విజయశ్రీ అప్పుడు స్కూలు ముందు కార్ల వరసలో ఉంది. ముందు కారు కదిలితే కదులుతూ, స్పీకరు మీద మాట్లాడింది.

"చెప్పండి."

"విజయా..." ఆగాడు. ఇద్దరి మధ్యా టర్న్ సిగ్నల్ చప్పుడు టిక్కుటిక్కుమంది. "ఏం లేదు. పొద్దుటిదే. కైండాఫ్ అలసటగా ఉంది."

విజయశ్రీ రెండు మాటలూ విన్నది. ఆయన అన్నదీ, దాని అర్థమూ. ఆదివారం నాటి నవ్వులు కూడా వినపడ్డాయి. ఒక్కసారి, ఈ ఒక్కసారి మామూలు మనిషిలా అడగనీ అనుకుంది.

"కైండాఫ్ అలసటకి కైండాఫ్ మజ్జిగ తాగండి" అని పెట్టేసింది.

భీమశంకరానికి నవ్వొచ్చింది. బాగా అన్నది. నిజంగానే నవ్వాడు, నవ్వితే నొప్పి ఎక్కువైంది.

మధ్యాహ్నం మూడో మీటింగుకి ముందు పక్క సీటు రాజీవ్ ఆయన్ని చూసి కుర్చీ ఇటు తిప్పాడు. హైదరాబాదు కుర్రాడు, ఆయన్ని అన్నా అంటాడు. "అన్నా, మంచిగున్నవా? ఇంటికి పో, నేను చూసుకుంటా."

"ఐయామ్ గుడ్, ప్రెటీ మచ్. కాసేపు పడుకుంటే చాలు."

రాజీవ్ మీటింగుకి వెళ్లిపోయాడు. కారిడార్ చివర ఉద్యోగులు విశ్రాంతి తీసుకోవడానికి ఒక చిన్న గది ఉంది. సోఫా, మసక దీపం, ప్లాస్టిక్ మొక్క. లోపల మనిషి ఉన్నాడని తెలిసేలా తలుపు మీద పలక జరపాలి. ఆ పలక ఎర్రగా ఉంటే ఆ ఆఫీసులో ఎవరూ తలుపు తట్టరు. అది మర్యాద.

భీమశంకరం పలక జరిపి, లోపలికి వెళ్లి, బూట్లు విప్పి జతగా పెట్టి, సోఫా మీద పడుకున్నాడు. పిడికిలి ఈసారి వదలలేదు. పైకప్పులో తెల్లటి పలకలు, వాటికి చిన్నచిన్న చిల్లులు. వేళ్లు ఒకదాన్నొకటి రాసుకోవడం మానేశాయి.

"నొప్పిగా ఉంది" అన్నాడు.

పైకే అన్నాడు, తెలుగులో, స్పష్టంగా. కొంచెం అనలేదు. అలా అన్న తర్వాత ఆయన మొహం తేలికపడింది, రాజమండ్రిలో పెళ్లిచూపులనాడు పడినట్టే.

మీటింగు అనుకున్నదానికంటే ఎక్కువసేపు సాగింది. రాజీవ్ బయటికొచ్చి, ఖాళీ కుర్చీ చూసి, కారిడార్ చివరిదాకా వెళ్లాడు. పలక ఎర్రగా ఉంది. వెనక్కి వచ్చి కాసేపు పని చేసుకున్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు తలుపు తట్టాడు. మూడోసారికి సెక్యూరిటీని పిలుచుకొచ్చాడు. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

దహనం అయిపోయింది. ఇల్లంతా వచ్చేపోయేవాళ్లు, మూతలుపెట్టిన అల్యూమినియం ట్రేలు. వచ్చిన ప్రతి ఒక్కరికీ విజయశ్రీ ఒకే మాట చెప్పింది. ఆయన ఏమీ చెప్పలేదండీ. ఒక్క మాట చెప్పి ఉంటే తీసుకెళ్లేదాన్ని కాదా. నోరు విప్పి చెబితే కదా తెలిసేది. అందరూ తలలూపారు. ఆయన సంగతి తెలిసినవాళ్లే కాబట్టి, నమ్మడం సులువైంది. ఆ మాట విన్నప్పుడల్లా అవని లేచి పక్కగదిలోకి వెళ్లేది.

ఆదివారం సాయంత్రం, అందరూ వెళ్లాక, రాజీవ్ ఒక అట్టపెట్టెతో వచ్చాడు. ఆఫీసులో ఆయన సీటు దగ్గరివి. కూర్చోలేదు. కళ్లెత్తలేదు. "నేను ఇంటికి పొమ్మన్న వదినా. గుంజుకపోవాల్సింది" అని, మాట పూర్తిచేయలేక, వెళ్లిపోయాడు.

పెట్టెలో పైన ఒక స్వెట్టరు ఉంది. బూడిదరంగుది. ఏసీ చలికని ఎప్పుడో కొని, కుర్చీకే వదిలేసినట్టున్నాడు. ఇంటికి ఒక్కసారీ తీసుకురాలేదు. ఆ ఇంటి బట్టలన్నీ ఉతికే విజయశ్రీకి అలాంటిదొకటి ఉందనే తెలియదు. మోచేతుల దగ్గర పలచబడింది. బల్లకి ఆనించే కుడిచెయ్యి మరీ.

ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అవని వచ్చి పక్కన కూర్చుని, తల్లి భుజంమీద తల వాల్చింది.

"అమ్మా, ఇట్స్ కైండా నోబడీస్ ఫాల్ట్, ఓకే? నాన్న సరిగ్గా చెప్పలేదు కదా."

విజయశ్రీ కూతురి తలని భుజంమీంచి నెమ్మదిగా ఎత్తి, మొహంలోకి చూసింది.

"చెప్పారు. పొద్దున్నా చెప్పారు, ఫోన్‌లోనూ చెప్పారు. రెండుసార్లూ నాకు అర్థమైంది. అర్థమై కూడా ఊరుకున్నాను. తప్పు నాది."

అవని తల్లి ఒళ్లోని స్వెట్టరు మీద చెయ్యి వేసింది. దాని చేతులు మణికట్టు దగ్గర పైకి మడిచి ఉన్నాయి, ఆయన మడిచినట్టే.