శ్రీనిలయం లాడ్జిలో కింది గది

నాకు నోరెక్కువ అని మా తండా అంతా అంటుంది. ఉండదా మరి? ఈ అడవి అంచు ఊళ్లలో ఏఎన్ఎం ఉద్యోగం చేస్తూ నోరు లేకపోతే, ఒక్క గర్భిణి కూడా దవాఖానా గడప తొక్కదు. బూర్గంపాడు చుట్టుపక్కల ఏడు ఊళ్లు నావి. "ఇంట్ల కన్నవంటే చూడు, నీ సంగతి చెప్త" అని నేను అరిస్తే మగవాళ్లు కూడా పరుగెత్తి ఆటో పిలుచుకొస్తారు. అలాంటి నన్ను ఈ వేసవిలో మా అత్త చాంది ఓడించింది. అదీ ఒక లాడ్జి విషయంలో.

మా సాహిత్యకు పదేళ్లు. హైదరాబాద్‌లో తలకిందులుగా తిరిగే రైలు ఉన్న పెద్ద పార్కు చూపిస్తానని మాటిచ్చి, రెండు వేసవులు తప్పించుకున్నాను. మూడోసారి పిల్ల అడగడం కూడా మానేసింది. మూడు రోజులు సెలవు పెట్టాను. మా ఆయన హాతీరాం భద్రాచలం డిపోలో డ్రైవర్. ఆయనకూ ఎలాగో సెలవు దొరికింది. పార్కుతో పాటు చార్మినార్, గోల్కొండ, జూ కూడా చూసి రావాలని అనుకున్నాం.

ఎక్కడ ఉండాలన్నదే పెద్ద చిక్కు. పార్కు ఊరి బయట, రింగు రోడ్డు దగ్గర. చార్మినార్ ఊరి నడిబొడ్డున. ఊళ్లో గది తీసుకుంటే పార్కుకు వెళ్లేసరికి ఎండెక్కుతుంది. పార్కు దగ్గర తీసుకుంటే ఊరు చూడటానికి సగం పూట రోడ్డు మీదే పోతుంది. టీకాల తేదీలు వేసుకున్నట్టు కాగితం మీద గీతలు గీసి, ఆఖరికి తేల్చాను. మొదటి రోజు పార్కు పక్కన, రెండో రోజు అబిడ్స్‌లో. రెండు గదులూ ఫోన్‌లో చూసిపెట్టాను. పార్కు పక్కది ఎంత బాగుందో! కిటికీ తీస్తే ఆ తలకిందుల రైలే కనిపిస్తుందట. బుక్ చేసే ముందు సాయంత్రం టీ తాగుతుంటే అందరికీ చెప్పాను.

"నేను శ్రీనిలయంల ఉంట" అంది మా అత్త.

"అదేంది?" అన్నాను.

"దిల్‌సుఖ్‌నగర్ల ఉంటది. పచ్చరంగు బిల్డింగు. అండ్లనైతే వస్త. లేకుంటే మీరు పోన్రి."

మా అత్తకు చదువు రాదు. రెండేళ్ల కింద కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి ఆ బిల్డింగు చూసి, పక్క సీటు ఆవిడతో బోర్డు చదివించుకుందట. ఆ పేరు అప్పటి నుంచి మరిచిపోలేదు. ఫోన్ తీసి చూద్దును కదా, లిఫ్ట్ పనిచేయదని ఒకరు, వేడి నీళ్లు రావని ఒకరు రాశారు. అటు పార్కుకూ దగ్గర కాదు, ఇటు చార్మినార్‌కూ దగ్గర కాదు.

"అత్తా, బయట నుంచి చూపెడతం. ఫొటో దిగుదువు. సరేనా?"

"లోపల పండాలె."

"ఎందుకు?"

ఆమె చింతపండు చాట ముందుకు లాక్కుని, నాకు వీపు పెట్టి గింజలు తీయడం మొదలుపెట్టింది.

"యాడి రాకుంటే నేను రాను" అన్నాడు మా ఆయన. యాడి అంటే మా మాటలో అమ్మ. ఈ మనిషి బస్సు తోలేటప్పుడు తప్ప ఎక్కడా సొంతంగా స్టీరింగ్ పట్టడు.

సాహిత్య టీ గ్లాసు అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయింది. మళ్లీ వాయిదా పడిందని దానికి అర్థమైపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగాయి. "ముసలితనంల ఇదేం పంతం? దేశంల ఇంక లాడ్జీలే లేవా?" అని గోడలకు వినిపించాను. నేను ఎంత అరిస్తే అత్త అంత చిన్నగా ముడుచుకుని కూర్చుంది. పంతం పట్టిన మనిషి అలా కూర్చోదు. అది నాకు కాస్త ఆలస్యంగా తట్టింది.

మూడో రోజు పొద్దున్నే మేకల దొడ్డి దగ్గరికి పోయాను. పట్నానికి తాను రానని ముందే చెప్పేసిన మా మామ బిచ్యా మేకలకు సుబాబుల్ కొమ్మలు కట్టిపెడుతున్నాడు.

"మామా, ఏంది ఆ లాడ్జి కథ?"

ఆయన కొమ్మ కట్టడం ఆపలేదు. "నీకు చెప్పొద్దన్నది. నువ్వంటే భయం దానికి."

"నేనేం చేసిన?"

"మొన్న పక్క గూడెం పిల్ల ఇంట్ల కన్నదని మన ఇంటి ముందట నిలబెట్టి ఎంత తిడితివి! మట్టి నేల మీద కంటవా, నువ్వు మనిషివా పశువువా అన్నవ్. మీ అత్త వాకిట్ల కూసొని అంత విన్నది. ఆ పూట తిననే లేదు."

నాకు ఇంకా అర్థం కాలేదు.

"మన హాతీరాం పుట్టింది ఆ బిల్డింగులనే" అన్నాడు మామ. "ఆ ఏడు ఇక్కడ వానల్లేవు. మేస్త్రీ వెంట కూలికి పోయినం. కట్టే బిల్డింగులనే ఉండేది, అండ్లనే వండుకునేది. కింద మూల గది మాది. గోడలు లేచినయ్, బండలు పరవలే. మొరం మట్టి మీద కన్నది. వాని బొడ్డు అండ్లనే పాతిపెట్టింది."

మా వాళ్లలో బిడ్డ బొడ్డుతాడు పుట్టిన చోటే పాతిపెడతారు. మా ఆడపడుచులిద్దరివీ ఈ ఇంట్లోనే, పొయ్యి పక్కన ఉన్నాయి. అక్కడ ఊడ్చేటప్పుడు అత్త చీపురు పక్కన పెట్టి చేత్తో తుడుస్తుంది. నేను ఎన్నోసార్లు నవ్వాను కూడా. కొడుకుది మాత్రం పట్నంలో, ఎవరి బండల కిందో ఉండిపోయింది.

"బండలు పరిచేనాడు మమ్మల్ని ఖాళీ చేయమన్నరు. మళ్ల ఎన్నడు లోపలికి పోలే. కొడుక్కు ఒక్కసారి ఆ జాగ చూపెట్టాలని దాని కోరిక. అంతే."

"మరి నువ్వెందుకు రానంటున్నవ్ మామా?"

"మేకలెవరు చూస్తరు?" అన్నాడు. కొంచెం ఆగి, అటు తిరిగి, "ఆ పొద్దు నేను దాని పక్కన లేను బిడ్డా" అన్నాడు. ఇంకేం అడగనివ్వకుండా మేకలను తోలుకుని వెళ్లిపోయాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఊరందరి కాన్పుల లెక్క నా దగ్గర ఉంది. నా మొగుడు ఎక్కడ పుట్టాడో నేను ఒక్కనాడూ అడగలేదు. పైగా ఆమె ఇంటి ముందే నిలబడి, ఆమెనే పశువు అన్నాను.

ఇంటికొచ్చి చింతపండు చాటకు అవతలి వైపు కూర్చున్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. గింజలు తీస్తూ అడిగాను.

"అత్తా, కింద మూల గది అంటే ఏ దిక్కు మూల?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"పొద్దు పొడిచే దిక్కు" అంది తలెత్తకుండానే. "నన్ను తిట్టవు కదా?"

"తిడత. ముందు చెప్పనందుకు తిడత" అన్నాను. ఆమె గింజలంటిన చేత్తోనే నా చెంప నిమిరింది.

అక్కడే కూర్చుని లాడ్జికి ఫోన్ చేశాను. మేనేజర్ పేరు ఉదయ్ భాస్కర్ అట.

"కింద రూములుండవు మేడం. రిసెప్షన్, లగేజీ రూమ్ అంతే."

"తూర్పు మూల ఏముంటది?"

"లగేజీ రూమే. ఎందుకు?"

ఎన్నో అబద్ధాలు నోటిదాకా వచ్చాయి. కానీ ఉన్నదే చెప్పాను. "మా ఆయన అండ్ల పుట్టిండు సార్. మీ లాడ్జి కట్టేటప్పుడు. మా అత్త చూస్తనంటున్నది."

"పెద్దమ్మను తీసుకురండి" అన్నాడాయన. "నేను డ్యూటీల ఉంట. పై అంతస్తుల పెద్ద రూమ్ ఇస్త, కానీ లిఫ్ట్ నడవది."

నా కాగితం చింపేసి, మొదటి రాత్రికి శ్రీనిలయంలో, రెండో రాత్రికి అబిడ్స్‌లో గదులు బుక్ చేశాను. సాహిత్యను పిలిచి, పార్కుకు గంటన్నర ముందు లేవాల్సి ఉంటుందని చెప్పాను. "నాలుగింటికి లెవ్వమన్నా లేస్త!" అని ఎగిరింది పిల్ల.

మే రెండో వారంలో బయల్దేరాం. పొద్దున ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. మా ఆయనకు ఏమీ తెలియదు. నేనే చెప్పొద్దన్నాను. అది చెప్పాల్సిన మనిషి నేను కాదు. ఉదయ్ భాస్కర్ గారు అన్న మాట ప్రకారం కౌంటర్ దగ్గరే ఉన్నారు. లగేజీ గదిలో పెట్టెలన్నీ ఒక పక్కకు జరిపించి, నేల కడిగించి ఉంచారు. నేను అడగలేదు. ఆయనే చేయించారు.

అత్త గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. కిటికీ దగ్గరికి పోయి, అక్కడి నుంచి గోడ వెంట నాలుగడుగులు వేసి, కూర్చుని, ఒక బండ మీద అరచెయ్యి పెట్టింది.

"హాతీరాం, ఇటు రా. ఇక్కడ కూసో. నువ్వు ఇక్కడ పుట్టినవ్ బిడ్డా. నీ బొడ్డు ఇక్కడున్నది."

మా ఆయన నా మొహం చూశాడు. నేను తలూపాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, అంత పొట్టతో, తల్లి పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"అత్తా, కాన్పప్పుడు పక్కన ఎవరున్నరు?" అని అడిగాను. ప్రతి తల్లినీ అడిగే మాటే. ఈసారి మెల్లగా వచ్చింది.

"ఎవ్వరు లేరు. ఆ దినం పైన ఆఖరి స్లాబ్ పోస్తుండె. అందరు మీదనే. మిక్సర్ చప్పుడుల నా కేక ఎవరికి వినపడలే. స్లాబ్ షురువైతే నడుమ ఆపొద్దు. ఆపితే అతుకు పడ్తది, వానకు కారుతది. ఆడోళ్లెవరో చూసి మీ మామకు చెప్పిన్రంట. మేస్త్రీ దిగనియ్యలే. లైన్ల ఒక్క మనిషి తగ్గినా తట్టలు ఆగుతయ్ కదా. పొద్దు గూకినంక దిగొచ్చిండు. అప్పటికి వీడు పాలు తాగి నిద్రపోయిండు."

కోపం లేకుండా చెప్పింది. నిన్నమొన్న వంట చేసిన సంగతి చెప్పినట్టే చెప్పింది. మామ మేకల వంక ఎందుకు పెట్టుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

అత్తను మూడంతస్తులు మెల్లగా ఎక్కించాం. గదిలోకి రాగానే సాహిత్య పార్కుకు ఏ బట్టలు వేసుకోవాలో చూసుకుంటోంది. అత్త మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పును చూసింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. తర్వాత లేచి, "పిల్లా, మీ తాతకు వీడియో కొట్టు" అంది.

ఫోన్‌లో మామ మొహం కనిపించింది. వెనక మేకలు అరుస్తున్నాయి. అత్త ఫోన్ తీసుకుని తన మొహం చూపించకుండా పైకి ఎత్తిపట్టింది.

"చూసినవా? నువ్వు పోసిన స్లాబ్. అతుకు లేదు, చెమ్మ లేదు. ఇన్నేండ్లల్ల ఒక్క చుక్క కారలే. ఆ పొద్దు నువ్వు దిగొస్తే ఇది కారేది. మంచిగ పోసినవ్. ఇగ మనసుల పెట్టుకోకు."

మామ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"కారితే కారనియ్యాల్సిండె చాందీ" అన్నాడు. "నేను దిగి రావాల్సిండె."

అత్త ఫోన్ కిందికి దించి, ఇప్పుడు తన మొహం చూపించింది.

"గట్లయితే ఇప్పుడు రా" అంది. "మేకలను పక్కింటి దూలయ్యకు అప్పజెప్పి, రేపు పొద్దుటి బస్సెక్కు. మేం ఇక్కడనే ఉంటం."

మామ "అవ్, వస్త" అన్నాడు.

నేను మూడంతస్తులు దిగి కౌంటర్ దగ్గరికి పోయాను. రేపటికి అబిడ్స్‌లో తీసుకున్న గది వద్దని అక్కడే నిలబడి ఫోన్ చేసి చెప్పేశాను. ఉదయ్ భాస్కర్ గారిని ఈ గదే ఇంకో రోజు ఉంచమన్నాను.

"అలాగే మేడం. నలుగురే కదా?" అన్నారాయన, పెన్ను తీస్తూ.

"ఐదుగురం" అన్నాను.