మూడో చాటింపు

గురువారం పదకొండు గంటలకు పోస్టు వచ్చింది. గుడి ఆఫీసుకొచ్చే ఉత్తరాలన్నీ విప్పి, ఏది ఫాదర్‌గారికి చూపించాలో, ఏది ఫైల్లో పెట్టాలో తేల్చడం పేపరక్క పని. ఆవిడ అసలు పేరు జ్ఞానస్నానాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఆదివారం పూజకు వచ్చినవాళ్ల చేతికిచ్చే ‘విచారణ వార్తలు’ అనే నాలుగు పేజీల కాగితాన్ని పద్దెనిమిదేళ్లుగా ఆవిడే రాసి, ఆవిడే దిద్ది, జిరాక్సు మిషను పక్కన కాపలా నిలబడి తీస్తోంది. అందుకని చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పేపరక్కే. విచారణలోని, అంటే ఆ గుడి కిందికొచ్చే మూడువందల పైచిలుకు కుటుంబాల్లో ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఆవిడకు తెలుసు. మొదటి రెండూ పేపర్లో వేస్తుంది. మూడోది కడుపులో దాచుకుంటుంది.

ఆ రోజు ఆరు ఉత్తరాలు. అయిదింటిని అలవాటుగా పక్కకు సర్దేసి ఆరోది విప్పింది. రూళ్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలు.

“ఫాదర్‌గారికి నమస్కారం. మీ గుడి పేపరు మా పక్కింటావిడ తెచ్చింది. అందులో పెళ్లి చాటింపు చూశాను. ఆ బస్సు డ్రైవరుకు పంతొమ్మిదేళ్ల కిందట మా గుడిలో నాతో పెళ్లయింది. పదకొండేళ్ల కిందట డ్యూటీకని వెళ్లి మళ్లీ రాలేదు. నేను బతికే ఉన్నాను. శనివారం పొద్దున్న నేనే వస్తున్నాను. అప్పటిదాకా మూడోసారి చదవకండి.”

పేపరక్క కుర్చీలో కూర్చుని ఉంది గనక సరిపోయింది. ఎందుకంటే ఆ చాటింపులోని పెళ్లికూతురు ఆవిడ సొంత చెల్లెలు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వరసగా వధూవరుల పేర్లు గుడిలో చదివి, ఈ పెళ్లికి ఆటంకం ఏదైనా ఎరిగినవాళ్లు వచ్చి చెప్పమని అడుగుతారు. అదే చాటింపు. పేపర్లో కూడా వేస్తారు. ఇన్నేళ్లలో పేపరక్క వందల చాటింపులు వేసింది. ఎవరూ వచ్చి ఏమీ చెప్పింది లేదు. రెండు చాటింపులయి, మూడోది మిగిలుండగా, తన ఇంటి పెళ్లికే ఈ ఉత్తరం రావాలా?

చెల్లెలు ఆవిడకన్నా పదేళ్లు చిన్నది. కుట్టుపని. గుడిలో పీఠం మీద పరిచే బట్టలు, ఫాదర్‌గారి పూజావస్త్రాలు అన్నీ ఆమె చేతివే. మంచం పట్టిన తల్లిని పద్నాలుగేళ్లు చూసుకుంటూ, వచ్చిన సంబంధాలన్నీ ఒకటొకటిగా వదులుకుంది. తల్లి పోయిన ఏడాదికి, ప్యాంటు పొడవు పెంచమని ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయనకు రెడీమేడ్ ప్యాంట్లు ఏవీ చీలమండల దాకా రావు. ఒక ప్యాంటు తర్వాత ఇంకొకటి తెచ్చాడు. అవన్నీ అయిపోయాక, బాగానే ఉన్నవాటిని కూడా తెచ్చాడు. అప్పుడు అర్థమైంది అక్కచెల్లెళ్లకు. నలభై మూడేళ్ల చెల్లెలు, నలభై ఎనిమిదేళ్ల డ్రైవరు. ఇద్దరికీ ఇదే మొదటి పెళ్లి. అలా అనుకున్నారు.

పేపరక్క ఉత్తరం పట్టుకుని ఫాదర్‌గారి గదికి వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఫైలు తెచ్చావా అమ్మా?”

తెచ్చింది. అక్కడే చిక్కు. ఎవరికి పెళ్లయినా వాళ్ల జ్ఞానస్నానాల పుస్తకంలో, పేరు పక్కన ఆ సంగతి రాస్తారు. కాని డ్రైవరు పుట్టిన ఊళ్లో ఆ పుస్తకం వరదలో నానిపోయింది. దాని బదులు ఆయనకు పెళ్లి కాలేదని ఇద్దరు మేనత్తలు ప్రమాణం చేసి సంతకాలు పెట్టారు. ముచ్చటగా ఉన్నాయని మొన్న తను మెచ్చుకున్న సంతకాలే ఇవాళ పేపరక్క కంటికి దొంగ సంతకాల్లా కనిపించాయి. మేనత్తలు మేనల్లుడి కోసం ఏమైనా చెబుతారు!

“ఆయన్ని పిలిచి అడగండి ఫాదర్‌గారూ.”

“అడిగితే కాదనే అంటాడు. నిజమైనా కాదనే అంటాడు, అబద్ధమైనా కాదనే అంటాడు. ఎల్లుండి ఆవిడ వస్తానంటోందిగా. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడదాం. అప్పటిదాకా ఇంట్లో మాట పొక్కనీకు. తేలకముందే ఒకరి పరువు తీసేస్తే మళ్లీ తెచ్చివ్వలేం.”

బయటి సంగతులు దాచుకోవడం పేపరక్కకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటి సంగతి ఇంట్లో దాచడం ఎంత కష్టమో ఆ సాయంత్రమే తెలిసింది. ఇంటికెళ్లేసరికి ముందుగదినిండా తెల్లబట్ట పరుచుకుని ఉంది. చెల్లెలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, తన పెళ్లిబట్టలకు తనే అంచు కుడుతోంది.

“అక్కా, ఈ చేతులు మోచేతి దాకా ఉంచనా, ఇంకాస్త కిందకి దించనా?”

“నీ ఇష్టం.”

“నా ఇష్టమేంటి? ఊళ్లో అందరి కామాలూ దిద్దుతావు, నా చేతులకొచ్చేసరికి నీ ఇష్టమా?”

“మోచేతి దాకా ఉంచు” అని వంటింట్లోకి వెళ్లి, ఖాళీ గిన్నెను రెండుసార్లు కడిగింది.

శుక్రవారం డ్యూటీ దిగి డ్రైవరు వచ్చాడు. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికొచ్చాడు. కుట్టుమిషను పైనున్న లైటు పోయిందని చెబితే, స్టూలు అవసరం లేకుండానే నిలబడి మార్చేశాడు. పేపరక్క ఆయన వీపు వంక చూస్తూ కూర్చుంది. పదకొండేళ్ల కిందట డ్యూటీకని వెళ్లి తిరిగిరాని మనిషి ఇలాగే ఉంటాడా? ఇలా నవ్వుతాడా? ఇలా పాత బల్బును కాగితంలో చుట్టి మరీ చెత్తబుట్టలో వేస్తాడా?

“వదినగారూ, ఒంట్లో బాగాలేదా? నిన్నట్నుంచి మీరు సరిగా మాట్లాడట్లేదని మీ చెల్లెలు అంటోంది.”

“పేపరు పని” అంది పేపరక్క. ఆ మాట అబద్ధం కాదు. ఆ వారం పేపర్లో చాటింపు వేయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

శనివారం ఎనిమిదింటికే ఆఫీసు తెరిచి కూర్చుంది. తొమ్మిదిన్నరకు ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన బట్టలు, భుజానికి పెద్ద సంచి. గొడవ పెట్టుకునే మనిషిలా లేదు. పరీక్షకు వచ్చిన మనిషిలా ఉంది.

“ఉత్తరం రాసింది నేనేనండి.”

పేపరక్క మంచినీళ్లిచ్చింది. “పెళ్లికూతురు నా చెల్లెలమ్మా” అని చెప్పేసింది, దాచడం మర్యాద కాదనిపించి.

ఆవిడ గ్లాసు దించింది. “అయ్యో. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదండి. ఆ పిల్లకు తెలియాలనే రాశాను. నాకైతే ఎవరూ చెప్పలేదు.”

ఫాదర్‌గారు వచ్చి కూర్చున్నారు. పది గంటలకు రమ్మన్న డ్రైవరు పది కాకముందే వచ్చాడు. ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు. తల వంచి లోపలికొచ్చి, అందరికీ నమస్కారం పెట్టి నిలబడ్డాడు.

ఉత్తరం రాసినావిడ ఆయన వంక ఒకసారి చూసి, ఆయన్ని దాటి తలుపు వైపు చూసింది. ఎవరో వస్తారన్నట్టు కాసేపు అలాగే చూసింది.

“ఆయనేరండీ?” అంది చివరికి.

“ఎవరమ్మా?” అన్నారు ఫాదర్‌గారు.

“డ్రైవరు.”

“ఈయనేగా!”

“ఈయనెవరండీ? ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు.”

పేపరక్కకు మొదట ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక, రెండు రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ ఒక్కసారిగా దొర్లిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ సంచిలోంచి పెళ్లిఫోటో తీసి బల్ల మీద పెట్టింది. అందులోని పెళ్లికొడుకు పక్కనున్న పెళ్లికూతురి చెవిదాకా కూడా లేడు. మన డ్రైవరు వంగి ఫోటో, దాని కింద రాసిన పేరూ చూసి, ఫాదర్‌గారు అందించిన ఉత్తరం చదివాడు.

“పేరు నాదే. ఇంటిపేరూ నాదే. పనీ నాదే” అన్నాడు. అప్పటికి విషయం ఆయనకు అర్థమైంది. “రెండు పెళ్లిళ్లా ఫాదర్‌గారూ? ఒక్కదానికే నాకు నలభై ఎనిమిదేళ్లు పట్టింది!”

“మీవారి తండ్రి పేరేంటమ్మా?” అని ఫాదర్‌గారు అడిగారు. ఆవిడ చెప్పింది. అది వేరే పేరు.

అప్పుడు పేపరక్క ముఖం వాడిపోయింది. చాటింపులో తండ్రుల పేర్లు వేయడం పద్ధతి. ఎప్పుడూ వేస్తుంది. కాని పోయిన ఆదివారం గాయక బృందానికి బహుమతి వచ్చిన వార్త రెండు లైన్లు పెరిగింది. పేజీ సరిపోలేదు. ఇంటి పెళ్లే కదా, అందరికీ తెలిసిన మనిషే కదా అని, వరుడి తండ్రి పేరున్న లైను తనే కొట్టేసింది.

“తప్పు నాదేనండి” అంది బల్ల వంక చూస్తూ. “మీ చేత ఇంతదూరం బస్సెక్కించింది నా తొందరే.”

ఆవిడ కాసేపు ఫోటోనే చూసింది. తర్వాత దాన్ని సంచిలో పెట్టేసి, “ఒక మాట చెప్పనా అండి?” అంది. “ఈయన తలుపులోంచి వచ్చినప్పుడు, ఆయన కాదని తెలియగానే, నాకు దుఃఖం రావాలిగా? మళ్లీ దొరకలేదే అని. రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్నాననే అనుకున్నాను. ఎప్పుడో మానేసినట్టున్నాను, నాకే తెలీలేదు.”

ఆవిడకు ఏ దారి ఉందో ఫాదర్‌గారు నెమ్మదిగా చెప్పారు. ఇలా విడిచిపోయిన పెళ్లిళ్లను పరిశీలించే న్యాయపీఠం బిషప్‌గారి మేత్రాసనంలో ఉందని, ఎన్నాళ్లు పడుతుందో, ఏం తేలుతుందో చెప్పలేను గాని అర్జీ మాత్రం దగ్గరుండి రాయిస్తానని అన్నారు. ఆవిడ తలూపింది.

ఆవిడ బస్సు నాలుగింటికి. పేపరక్క భోజనానికి ఇంటికి తీసుకెళ్లింది. దారిలో డ్రైవరు కూడా తోడొచ్చాడు. గుమ్మంలోనే ముగ్గురూ కలిసి, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ కథంతా చెప్పారు. చెల్లెలు కత్తెర కింద పెట్టి, నడుం మీద చేతులుంచుకుని విన్నది.

“రెండు రోజులు! నా ఎదురుగా కూర్చుని, నా చేతి అన్నం తిని, నోరు విప్పలేదా?”

“ఫాదర్‌గారు వద్దన్నారే.”

“నువ్వు నమ్మావా?”

పేపరక్క అబద్ధమాడలేకపోయింది. “సగం నమ్మాను. లైటు మార్చాక పావు.”

“నాకు చెప్పుంటే ఈయన్నే మొహం మీద అడిగేదాన్ని.”

“అందుకేగా చెప్పంది.”

“అడిగుంటే మీ నాన్న పేరేంటి, మీ ఊరేంటి అని గురువారమే తేలిపోయేదిగా!”

ఉత్తరం రాసినావిడ మొదట నవ్వింది. తర్వాత డ్రైవరు నవ్వాడు. చెల్లెలు మాత్రం ఇంకాసేపు కోపంగానే ఉండి, అందరికీ వడ్డించాక, అక్క కంచంలో మాత్రం ఏమీ అడక్కుండానే రెండోసారి కూర వేసింది. అది రాజీ అని పేపరక్కకు తెలుసు. వెళ్లేముందు ఉత్తరం రాసినావిడ తెల్లబట్ట అంచు వేలితో తడిమి చూసి, “పెళ్లికి పిలుస్తారా?” అని అడిగింది. “మీరు రాకపోతే నేనే బస్సేసుకుని వస్తా” అన్నాడు డ్రైవరు.

మర్నాడు పేపర్లో చాటింపు పెద్ద అక్షరాల్లో వచ్చింది. వధువు తండ్రి, వరుడి తండ్రి, వరుడు పుట్టిన ఊరు, ఆఖరికి పనిచేసే డిపో పేరుతో సహా. గాయక బృందం వార్తకు ఆ వారం చోటు లేదు. పూజలో ఫాదర్‌గారు మూడోసారి చదివి, ఆటంకం ఎరిగినవారు చెప్పవలసిందని అడిగి ఆగారు. వెనక బెంచీలోంచి ఎవరో గట్టిగా గొంతు సవరించుకున్నారు. పేపరక్క గుండె ఆగినంత పనయింది. వెనక్కి తిరిగి చూస్తే గంట కొట్టే తాతయ్య, జలుబుతో, చేతిగుడ్డ కోసం జేబులు వెతుక్కుంటున్నాడు. చెల్లెలు మోచేత్తో అక్కను పొడిచింది.

మధ్యాహ్నం ఇంటికెళ్లి, బట్టలైనా మార్చుకోకుండా పేపరక్క మంచం మీద వాలింది. పక్కగదిలో కుట్టుమిషను చప్పుడవుతూనే ఉంది. అయినా దీపాలు పెట్టే వేళదాకా ఆవిడ కన్ను తెరవలేదు.