మోకాలెత్తున కట్టిన తాడు

నేను ఒక నూలు తాడును. పన్నెండు మూరల పొడవు, చిటికెన వేలంత లావు. నన్ను పురి పెట్టిన సింహాచలం తాతకు తాడు పుట్టిందే కట్టెయ్యడానికని గట్టి నమ్మకం. నా మొదటి కొలువు ఒక పెయ్య మెడలో. దాన్ని అమ్మినవాడు నన్ను సంతలోనే పారేసి పోతే, సన్యాసిరావు మాస్టారు ఏరుకుని దులిపి సంచిలో వేసుకున్నారు. కాబోయే టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో ఆయన లెక్చరరు.

చిన్న తరగతుల పిల్లలు కూర్చుని కాదు, గెంతుతూ నేర్చుకోవాలని మాస్టారు రెండు గంటలు చెప్పారు. నలభైమంది ఛాత్రోపాధ్యాయులు కదలకుండా కూర్చుని రాసుకున్నారు. మనుషుల సంగతి నాకప్పుడే కొంత బోధపడింది.

తర్వాత సాధన. అక్కడ పిల్లలుండరు. ఒకరు టీచరైతే మిగతావాళ్లు రెండో తరగతి పిల్లల్లా ముద్దుముద్దుగా నటిస్తారు. ఆ రోజు టీచరు వంతు వచ్చిన యశోద నన్ను రెండు బెంచీల కాళ్లకు కట్టి, ఒక్కో గెంతుకు రెండు కలపమంది. రెండు, నాలుగు, ఆరు అంటూ ఇరవై ఏళ్ల పిల్లలు నన్ను నవ్వుతూ దాటేశారు. నేను వాళ్ల మోకాళ్లకు కాస్త కిందుగా ఉన్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే, అసలు పిల్లలకు నేనెంత ఎత్తవుతానోనని నాకు మాత్రం దడగా ఉంది.

యశోదకూ భయమే, కానీ అది వేరే భయం. కిందటేడు బోధన పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించేస్తామని ఇంట్లో చెప్పేశారు. పరీక్ష నాటి ఉదయం నన్ను వేళ్లకు చుట్టుకుని బస్సులో కూర్చుంటే, ఆమె చేతి చెమటకు నేను తడిసిపోయాను.

బడిలో రెండో తరగతి, ముప్పై మంది. మాస్టారు మార్కుల కాగితంతో వెనక బెంచీలో కూర్చున్నారు. యశోద అలవాటైన ఎత్తుకే నన్ను కట్టింది. మొదట పైడితల్లి అనే పిల్ల లేచి వచ్చింది. నేను ఆ పిల్ల మోకాలు దాటి తొడకు వస్తున్నాను. వద్దని అరుద్దామంటే తాడుకు నోరెక్కడిది? ముడి సడలితే బావుండునని గింజుకున్నాను. యశోద ముడి గట్టిది.

"రెండు" అంటూ పిల్ల గెంతింది. కాలు నాకు తగిలింది. మొహం వెళ్లి బెంచీ అంచుకు కొట్టుకుంది.

తరగతిలో గోల లేచింది. యశోద మొహంలో నెత్తుటి చుక్క లేదు. మాస్టారు లేవడం చూసేసరికి, కాలేజీలో నేర్చుకున్న మంచి మాటలన్నీ ఎగిరిపోయి, చిన్నప్పుడు తాను విన్నదే నోట్లోంచి వచ్చేసింది.

"అందరూ కూకోండి. నోటి మీద ఏలేసుకోండి."

క్షణంలో అందరూ కూర్చున్నారు. వేళ్లు పెదాల మీదికి వెళ్లాయి. కింద పడ్డ పైడితల్లి కూడా పెట్టుకుంది, పగిలిన పెదవి మీద. నెత్తురు వేలి వెంట మోచేతి దాకా కారుతున్నా తియ్యలేదు, ఏడవలేదు.

పిల్ల పడిపోయినప్పటికన్నా ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయమేసింది. యశోద కూలబడి ఆ వేలు పట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా. ఏలు తీసీ. ఏడు తల్లీ, ఏడు."

పిల్ల మాస్టారి కేసి బెదురుగా చూసి, వేలు ఇంకా గట్టిగా నొక్కుకుంది.

మాస్టారే దూది తెచ్చి తుడిచారు. దెబ్బ పైపైదేనని తేలింది. యశోద నన్ను విప్పి నేల మీద పరిచి, ఇప్పుడు గెంతమని పిల్లల్ని బతిమాలింది. ఒక్కరూ లేవలేదు.

సాయంత్రం మార్కులు తెలిశాయి. యశోద ప్యాసైంది. చిన్న ప్రమాదం జరిగినా తరగతిని క్షణంలో అదుపులోకి తెచ్చిందని మాస్టారు ఎర్రసిరాతో రాసి, క్రమశిక్షణకు పదికి పది వేశారు.

అది చదివి యశోద నన్ను గుప్పిట్లో బిగించి వెక్కి వెక్కి ఏడ్చింది. ప్యాసైన సంతోషమనుకుని స్నేహితురాళ్లు వీపు తట్టారు.